మందు మానిన మర్నాటి సాయంత్రం

మద్యం గురించి తెలుగు నేల మీద జరిగే చర్చ చాలాకాలంగా రెండు చోట్ల మధ్యనే తిరుగుతూ వస్తోంది. వాటిలో మొదటిది దుకాణం, రెండోది ఇల్లు. దుకాణం దగ్గర అది లైసెన్సుల, బెల్టు షాపుల, ఎక్సైజు రాబడి లెక్కల వ్యవహారమవుతుంది. ఇంట్లో అది భార్య కన్నీళ్లుగా, పిల్లల భయంగా, వీధిలో పోయిన పరువుగా మారుతుంది. తాగుడు మానాలని నిజంగానే కోరుకుంటున్నా, పొద్దు వాలేసరికి కాళ్లు తమంతట తామే పాత దారి పట్టే మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు మాత్రం ఆ చర్చలో చోటు దొరకడం అరుదు. అటువంటివారు తమలో తాము కలుసుకుని, వైద్యుడూ ఉపన్యాసకుడూ లేకుండా, ఒకరి అనుభవాన్ని ఒకరు వింటూ మద్యానికి దూరంగా ఉండటం కోసం జరుపుకునే సమావేశాలను పరస్పర సహాయ బృందాలు అంటారు. అలాంటి బృందాన్ని వెతుక్కోవడం, దానిలో అడుగుపెట్టడం ఈ రేడియో ప్రసంగానికి విషయం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారా అమ్మకాన్ని అడ్డుకోవడంతో రాజుకున్న ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో మద్యనిషేధానికి దారితీసిన సంగతి శ్రోతలకు తెలిసిందే. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేసిన సంగతీ తెలిసిందే. చదువురాని పేద స్త్రీలు ఒక ప్రభుత్వ విధానాన్నే మార్పించిన ఆ పోరాటం సామాన్యమైనది కాదు. అయితే దాని గురి దుకాణం మీద ఉండింది. దుకాణం మూతపడిన రాత్రి, ఇరవై ఏళ్లుగా తాగుతున్న మనిషి ఒంట్లో వణుకు మొదలైతే ఏం చేయాలో, ఆ వణుకు తగ్గాక మిగిలే ఖాళీ సాయంత్రాలను అతను దేనితో నింపుకోవాలో చెప్పే ఏర్పాటు పల్లెల్లో అప్పుడు లేదు, చాలాచోట్ల ఇప్పటికీ లేదు. సరుకు రాకుండా ఆపడం ఒక పని, ఒంటికి పట్టిన అలవాటును వదిలించడం మరో పని; మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరుగుతుందన్న నమ్మకమే నిషేధం మీద వాదోపవాదాలను ఎప్పటికప్పుడు సగంలో ఆపేస్తూ వచ్చింది.

ఈ రెండో పని ఎంత వెనకబడి ఉందో 2019లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ వెలువరించిన జాతీయ సర్వే చూపింది. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు నిర్వహించిన ఆ సర్వే ప్రకారం, దేశంలో 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్నవారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారు. వారిలో మద్య పరాధీనత ఉన్నవారిని విడిగా లెక్కించారు. తాగే మోతాదు పెరుగుతూ పోవడం, మొదలుపెట్టాక ఆపలేకపోవడం, ఒకపూట దొరకకపోతే ఒళ్లు ఎదురుతిరగడం, హాని కళ్ల ముందు కనిపిస్తున్నా కొనసాగించడం వంటి లక్షణాలు కలిసి ఉండే స్థితిని వైద్యులు పరాధీనత అంటారు. అలాంటి స్థితిలో ఉన్న ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రూపంలో చికిత్స అందిందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరేనని ఆ నివేదిక చెబుతోంది. మిగిలినవారందరూ మానాలని ప్రయత్నించలేదని అనుకోవడానికి లేదు; వారు తమకు తెలిసిన పద్ధతిలో ప్రయత్నించారు.

ఆ తెలిసిన పద్ధతి పేరు ఒట్టు. బిడ్డ తల మీద చేయి వేసి, దేవుడి గుడిలో కర్పూరం ఆర్పి, పెద్దమనుషుల ముందు కాగితం రాసి ఇచ్చిన ఒట్లు తెలుగు ఇళ్లలో లెక్కలేనన్ని. ఒట్టు పెట్టిన క్షణంలో ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదన్నది గమనించవలసిన విషయం. అతను ఆ మాటను నమ్ముతాడు, కానీ ఒట్టు జీవితకాలానికి పెట్టినదైతే, కోరిక పుట్టేది మాత్రం రేపు సాయంత్రం ఆరున్నరకు, అదీ అతను ఒంటరిగా ఉన్నప్పుడు. దీనికి భిన్నంగా, తెలుగువారిలో నిజంగా ఫలించే ఒక మార్గం ఉంది. అది అయ్యప్ప మాల. ఏడాదిలో మిగతా రోజులన్నీ తాగేవాడు మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టకుండా ఉండటం ప్రతి ఊరివారూ చూసినదే. దానికి భక్తి ఒక్కటే కారణం కాదు: తెల్లవారుజామున స్నానం, పూట పూటకూ నియమం, సాయంత్రం కాగానే భజనకు చేరే తోటి స్వాములు, ఏ అంగడివాడైనా పలకరించడానికి జంకే నల్లబట్టలు అతన్ని నాలుగు వైపుల నుంచీ కాపాడతాయి. మాల తీసిన రోజున ఆ కాపుదల అంతా ఒక్కసారిగా తొలగిపోతుంది, అందుకే కొందరు కొండ దిగిన వారంలోనే పాత దారిలో కనిపిస్తారు. పరస్పర సహాయ బృందం చేసే పని, స్థూలంగా చెప్పాలంటే, ఆ సాయంత్రపు సహవాసాన్ని ముగింపు తేదీ లేకుండా, నల్లబట్టలు లేకుండా కొనసాగించడం.

ఈ బృందాలలో అత్యంత విస్తృతమైనది ఆల్కహాలిక్స్ అనానిమస్. సభ్యులు దీన్ని ఏఏ అని పిలుస్తారు. దీని పుట్టుక ఒక విచిత్రమైన అవసరం నుంచి జరిగింది. 1935 మే నెలలో న్యూయార్కుకు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, అప్పటికి అయిదు నెలలుగా తాగకుండా ఉన్నవాడు, ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ పట్టణానికి వ్యాపారం పని మీద వెళ్లాడు. పని చెడింది, హోటల్లో ఒక పక్క బారు సందడి వినిపిస్తోంది, జేబులో డబ్బు అడుగంటింది. అతను అప్పుడు వైద్యుడి కోసం గానీ, ధైర్యం చెప్పే మిత్రుడి కోసం గానీ వెతకలేదు. చర్చిల చిరునామాల పట్టిక చూసి ఫోన్లు చేస్తూ, తాగుడు మానలేక బాధపడే మరో మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు, ఎందుకంటే తనకు బోధ చేయకుండా తన కథే తాను చెప్పుకున్న మొదటి మనిషి అతనికి అప్పుడే తటస్థపడ్డాడు. స్మిత్ ఆ తర్వాత ఒకసారి మళ్లీ తాగి, 1935 జూన్ 10న చివరి గ్లాసు తాగినట్లు చెబుతారు. ఆ తేదీనే సంస్థ తన ఆవిర్భావ దినంగా పాటిస్తుంది.

ఎదుటివాణ్ని బాగుచేయడం కోసం కాక, తాను నిలబడటం కోసం మరొకరితో మాట్లాడటం అన్న ఈ సూత్రం మీదనే మొత్తం వ్యవస్థ నిలిచి ఉంది. 1939లో వెలువడిన సంస్థ గ్రంథం, సభ్యులు వాడుకగా బిగ్ బుక్ అని పిలిచేది, కోలుకునే క్రమాన్ని పన్నెండు మెట్లుగా వివరించింది. మద్యం ముందు తన శక్తి చాలడం లేదని ఒప్పుకోవడంతో మొదలై, చేసిన హాని గుర్తించి వీలైన చోట సరిదిద్దుకోవడం మీదుగా, తోటి వ్యసనపరులకు అండగా నిలవడంతో ఆ క్రమం ముగుస్తుంది. వ్యక్తికి మెట్లు ఎలాగో బృందానికి పన్నెండు సంప్రదాయాలు అలాగ. 1950లో క్లీవ్‌లాండ్ నగరంలో జరిగిన మహాసభ వీటిని ఆమోదించింది. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప మరే అర్హతా అక్కరలేదని ఒక సంప్రదాయం చెబితే, సభ్యులు పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో తమ గుర్తింపు బయటపెట్టుకోరాదని మరొకటి చెబుతుంది. రేడియోను పేరుపెట్టి ప్రస్తావించిన ఆ నియమాన్ని రేడియోలోనే గుర్తుచేయవలసి రావడం కొంత వింతే గానీ, ఇలాంటి ప్రసంగాల్లో సభ్యుల పేర్లు ఎందుకు వినిపించవో దానివల్ల తెలుస్తుంది. పేరున్న సభ్యుడు ఒకరు సంస్థకు ముఖంగా మారి, తర్వాత మళ్లీ తాగుడులో పడితే, విన్నవాడు ఆ పద్ధతినే అనుమానిస్తాడన్న జాగ్రత్త అందులో ఉంది.

భారతదేశంలో 1950ల చివరి సంవత్సరాల్లో మొదలైన ఈ సమావేశాలు ఇప్పుడు హైదరాబాదు, సికింద్రాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో జరుగుతున్నాయి. వాటిని వెతుక్కోవడంలో ఒక ఇబ్బంది ఉంది: బోర్డులు ఉండవు, ప్రకటనల హోరు ఉండదు, సొంత భవనం ఉండదు, ఏదో ఒక పాఠశాల గదిలో, చర్చి ఆవరణలోని చిన్న హాలులో వారంలో కొన్ని సాయంత్రాలు గంటా గంటన్నర సేపు జరిగి ముగుస్తాయి. ముంబైలో ఉన్న ఏఏ భారతీయ కార్యాలయం తన వెబ్‌సైటులో ఊళ్లవారీగా సమావేశాల సమాచారాన్ని ఉంచుతుంది. మాదకద్రవ్యాలు, మద్యం విషయంలో సలహా కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న 14446 నంబరుకూ, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు చెందిన 14416 నంబరుకూ రుసుము లేకుండా ఫోన్ చేసి దగ్గరలోని చికిత్సా కేంద్రం వివరాలు అడగవచ్చు. అయితే వీటన్నిటికన్నా నమ్మదగిన దారి పెద్ద ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నం చినవాల్తేరులోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల వంటి చోట్ల పనిచేసే వైద్యులకు, సోషల్ వర్కర్లకు, చికిత్స పూర్తయినవారు ఆ తర్వాత ఎక్కడికి వెళుతున్నారో, ఏ బృందం క్రమం తప్పకుండా నడుస్తోందో తెలిసి ఉంటుంది. కాగితం మీద ఉన్న సమావేశం ఆ వారం జరగకపోవచ్చు గనుక, బయలుదేరే ముందు ఫోన్ చేసి సమయమూ భాషా కనుక్కోవడం మంచిది. నగరంలో కొన్ని బృందాలు ఇంగ్లీషులోనో హిందీలోనో నడుస్తాయి, మనసులో మాట చెప్పుకోవలసిన చోట భాష చిన్న విషయం కాదు.

వెతకడం కన్నా ముందు ఒక హెచ్చరిక అవసరం. చాలాకాలంగా రోజూ ఎక్కువ మోతాదులో తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే, మద్యానికి అలవాటుపడిన మెదడు తిరగబడుతుంది. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. కొన్ని గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, తీవ్రమైన జ్వరంతో కూడిన స్థితి ఏర్పడి ప్రాణానికే ముప్పు రావచ్చు. తెలంగాణలోని కొన్ని ప్రాంతాల్లో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలిపిన కల్తీ కల్లు తాగేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కాబట్టి అటువంటివారు మొదట ఆసుపత్రికి వెళ్లి, వైద్యుడి పర్యవేక్షణలో తగిన మాత్రలతో, థయమిన్ అనే బి1 విటమినుతో ఆ కొద్ది రోజులూ దాటాలి. ఆ గండం దాటించడం బృందం పని కాదు, దాటిన తర్వాతి నెలలూ సంవత్సరాలూ బృందానివి. ఇదే సందర్భంలో చెప్పవలసిన మరో మాట: తాగేవాడికి తెలియకుండా కూరలో, మజ్జిగలో పొడి కలిపి ఇస్తే తాగుడు మానిపోతుందన్న ప్రకటనలను నమ్మి కొందరు ఇళ్లలో ఆ పని చేస్తారు. ఆ పొడిలో డైసల్ఫిరాం అనే మందు ఉంటే, దాని మీద మద్యం పడినప్పుడు రక్తపోటు కుప్పకూలి గుండెకు హాని జరగవచ్చు. ఆ మందు రోగి అంగీకారంతో, వైద్యుడి లెక్క ప్రకారం మాత్రమే వాడవలసినది.

చిరునామా దొరికాక కూడా చాలామంది ఆ గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేస్తారు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్న భయం అందుకు కారణం. ఊరందరి ముందు వైన్ షాపు దగ్గర వరుసలో నిలబడటానికి, రాత్రి పూట వీధి అరుగు మీద పడిపోవడానికి అడ్డురాని సిగ్గు, మానేవారి గదిలోకి అడుగుపెట్టడానికి అడ్డురావడం విడ్డూరంగా కనిపిస్తుంది గానీ, దానిలో తర్కం లేకపోలేదు: తాగడం చుట్టూ ఉన్నవారికి వినోదమో విసుగో మాత్రమే, ఆ గదిలోకి వెళ్లడం మాత్రం తన చేతకానితనాన్ని తానే ఒప్పుకోవడం. దీనికి జవాబు ఆ గదిలోనే ఉంది. అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ అదే కారణంతో వచ్చినవారు గనుక, ఒకరిని బయట అల్లరి పెట్టాలంటే తాను కూడా బయటపడక తప్పదు. అక్కడ విన్నది అక్కడే వదిలి వెళ్లాలన్న కట్టుబాటును సభ్యులు దాదాపు నియమంగా పాటిస్తారు. అయినా భయం వదలనివారు మొదటి నెలల్లో పక్క ఊరి సమావేశానికో, నగరంలో దూరపు బస్తీకో వెళ్లడం మామూలే, అందులో తప్పు లేదు.

సమావేశాలు రెండు రకాలు. తాగుడు సమస్య ఉన్నవారికే ప్రవేశం ఉండేది క్లోజ్డ్ మీటింగ్; కుటుంబసభ్యులు, వైద్యులు, విద్యార్థులు, తెలుసుకోవాలనుకునే ఎవరైనా కూర్చోగలిగేది ఓపెన్ మీటింగ్. ఇంకా నిశ్చయానికి రానివారు, లేక భార్యతోనో అన్నతోనో కలిసి రావాలనుకునేవారు ఓపెన్ మీటింగ్‌తో మొదలుపెట్టడం సులువు. గదిలో కుర్చీలు వలయంగానో వరుసగానో ఉంటాయి, ఒకరు అధ్యక్షత వహిస్తారు, క్షణం మౌనం పాటించి ఒక చిన్న ప్రార్థన చెప్పుకుంటారు, సంస్థ గ్రంథాల్లోంచి ఒక భాగం చదువుతారు, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, తాము మద్యవ్యసనపరులమని చెప్పుకుని మాట్లాడతారు. దీన్నే షేరింగ్ అంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ప్రశ్న వేయరు, సలహా ఇవ్వరు, నువ్వు అలా చేసి ఉండాల్సింది కాదు అనరు. తీర్పు చెప్పేవారికి కొదవలేని సమాజంలో గంట సేపు ఎవరూ తీర్పు చెప్పని చోటు ఉండటమే కొత్తవారిని మొదట ఆశ్చర్యపరిచేది. కొత్తగా వచ్చినవారు మాట్లాడి తీరాలన్న నిర్బంధం లేదు. పేరు చెప్పి, వినడానికి వచ్చానని అంటే చాలు. చివర్లో టీ, పలకరింపులు, కొన్ని ఫోన్ నంబర్లు చేతికి వస్తాయి. ఆ నంబర్లను మర్యాద కోసం ఇచ్చినవిగా అనుకోకూడదు. కోరిక పుట్టిన వేళ, గ్లాసు ఎత్తకముందే, వాటిలో ఒకదానికి ఫోన్ చేయాలన్నది ఉద్దేశం.

పేరు మాత్రమే చెప్పే ఈ పద్ధతికి తెలుగు సమాజంలో ఒక అదనపు ప్రయోజనం ఉంది, దాన్ని అమెరికాలో ఎవరూ ఊహించి ఉండరు. కొత్త మనిషిని చూడగానే ఇంటిపేరు, ఊరు, ఎవరి తాలూకు అన్న ప్రశ్నల వరుసలో కులం ఆరా తీయడం ఇక్కడి అలవాటు. ఏఏ గదిలో ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు. బ్యాంకు అధికారి పక్కన ఆటో డ్రైవరు కూర్చుని, తెల్లవారి లేవగానే చేయి వణకకుండా టీ గ్లాసు పట్టుకోవడం ఎంత కష్టంగా ఉండేదో చెబుతుంటే, ఆ అధికారి తన కథే వింటున్నట్టు తల ఊపుతాడు. ఊళ్లో ఒకరి ఇంటి గడప ఒకరు తొక్కని మనుషులు కూడా అక్కడ పక్కపక్కన కూర్చోవలసి వస్తుంది.

దేవుడి ప్రస్తావన గురించి, చర్చి ఆవరణ గురించి కుటుంబాల్లో సందేహాలు రావడం సహజం. చర్చి, పాఠశాల వంటి చోట్ల గది తక్కువ అద్దెకు దొరుకుతుంది గనుక బృందాలు అక్కడ కూడుతాయి తప్ప, ఆ మతంతోగానీ సంస్థతోగానీ వాటికి సంబంధం ఉండదు; ఏ మతంతో, ఏ పార్టీతో, ఏ వాదంతో పొత్తు పెట్టుకోరాదన్నది ఏఏ తన మీద తాను విధించుకున్న నియమం. పన్నెండు మెట్లలో వచ్చే దైవం ఎవరికి వారు అర్థం చేసుకున్న రూపంలో ఉండవచ్చని మూలంలోనే ఉంది, కనుక ఒకరికి అది వెంకటేశ్వరుడు కావచ్చు, ఒకరికి అల్లా కావచ్చు, నాస్తికుడికి ఆ గదిలోని మనుషుల ఉమ్మడి బలం కావచ్చు. అయినా ఆ పరిభాష అసలు సరిపడనివారు కొందరు ఉంటారు. వారిని ఒప్పించబోవడం కన్నా వేరే దారి చూపడం మేలు. 1994లో అమెరికాలో ఏర్పడిన స్మార్ట్ రికవరీ అనే సంస్థ దేవుడి ఊసు లేకుండా, కోరికను గుర్తించి ఎదుర్కొనే మానసిక శాస్త్ర పద్ధతుల మీద సమావేశాలు నడుపుతుంది, వాటిలో చాలా భాగం ఆన్‌లైన్‌లో జరుగుతాయి. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో నెలకొల్పిన సంస్థకు చెందిన టీటీకే ఆసుపత్రి వంటి చికిత్సా కేంద్రాలు తమ దగ్గర చికిత్స పొందినవారి కోసం విడిగా అనుబంధ కార్యక్రమాలు నిర్వహిస్తాయి.

డబ్బు విషయం త్వరగా చెప్పవచ్చు. రుసుము లేదు, బయటి విరాళాలు తీసుకోరు. సమావేశం చివర్లో తిరిగే సంచిలో సభ్యులు తోచినంత వేస్తారు, అద్దెకూ టీకీ అది చాలాలి. ఏఏ పేరు చెప్పి ప్రవేశ రుసుము అడిగే చోటు ఏఏ కాదు. ఇక్కడే ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల విషయమూ గుర్తుంచుకోవాలి: అవి వేరు, ఇవి వేరు. మద్యం వల్ల కలిగే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి గనుక, అలాంటి కేంద్రం నమోదై ఉండాలి, అక్కడ మనిషిని గొలుసులతో కట్టడం, హింసించడం నేరం; బలవంతాన బండిలో ఎక్కించి తీసుకుపోయే కేంద్రానికి డబ్బు కట్టే ముందు కుటుంబం ఆ నమోదు గురించి అడగడం తన హక్కు.

కొద్ది వారాలు క్రమంగా వచ్చినవారికి స్పాన్సర్ అనే పాత సభ్యుడు ఒకరు తోడుగా ఏర్పడతారు. గురువు కాదు, వైద్యుడు కాదు, అదే దారిలో కొన్నేళ్లు ముందు నడిచిన మనిషి మాత్రమే. ఈ తోడు విషయంలో ఒక హద్దు స్పష్టంగా ఉండాలి. ఉత్సాహం ఎక్కువైన కొందరు సభ్యులు, మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలు కూడా మత్తే గనుక మానేయమని కొత్తవారికి చెప్పడం కద్దు. అది ఏఏ విధానం కాదు, ఏ సభ్యుడూ వైద్యుడి పాత్ర పోషించరాదని సంస్థ సాహిత్యమే హెచ్చరిస్తుంది. కుంగుబాటుకో, కోరికను తగ్గించడానికో ఇచ్చిన మందులు డాక్టరు చెప్పినప్పుడే ఆపాలి.

ఇంతకీ ఇది పనిచేస్తుందా? చాలాకాలం దీనికి సభ్యుల సాక్ష్యమే తప్ప గట్టి ఆధారం లేదన్న విమర్శ ఉండేది, అది న్యాయమైన విమర్శే. వైద్య పరిశోధనలను కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. రోగులను ఒక క్రమపద్ధతిలో ఏఏకి పరిచయం చేసి అందులో నిలదొక్కుకునేలా చేసే చికిత్సలను ఇతర మానసిక చికిత్సలతో పోల్చినప్పుడు, ఏడాది తర్వాత పూర్తిగా మద్యం ముట్టనివారు మొదటి వర్గంలో 42 శాతం, రెండో వర్గంలో 35 శాతం ఉన్నట్లు అది అంచనా వేసింది. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావి గనుక ఈ అంకెలను యథాతథంగా కాకినాడకో కరీంనగరుకో అన్వయించలేము. పైగా నూటికి 42 మంది నిలబడ్డారంటే 58 మంది నిలబడలేదనే అర్థం. అయినా ఖర్చు లేని ఒక ఏర్పాటు, ఖరీదైన చికిత్సలకు తీసిపోకుండా ఉండటం పేద కుటుంబాలకు చాలా పెద్ద విషయం.

కుటుంబం కూడా ఈ రోగంలో భాగస్వామి అవుతుంది. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పే భార్య, బయట పడి దెబ్బలు తగిలించుకుంటాడని క్వార్టర్ తానే తెప్పించి ఇంట్లో కూర్చోబెట్టే తల్లి, అప్పులు తీర్చే అన్న ప్రేమతోనే ఆ పనులు చేస్తారు, వాటివల్ల తాగుడు ఫలితాలు తాగేవాడి దాకా చేరకుండా పోతాయి. ఇలాంటివారి కోసం బిల్ విల్సన్ భార్య లోయిస్ తదితరులు 1951లో అల్-అనాన్ అనే వేరే సంస్థను ఏర్పరిచారు. తాగుడుకు తాను కారణం కాదని, దాన్ని అదుపు చేయడం, నయం చేయడం తన చేతిలో లేదని తెలుసుకోవడం ఆ సమావేశాల్లో మొదటి పాఠం. నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడన్న అత్తగారి మాట ఏళ్ల తరబడి విన్న కోడలికి ఆ పాఠం ఎంత బరువు దించుతుందో చెప్పనక్కరలేదు. భర్త మానడానికి సిద్ధంగా లేకపోయినా ఆమె అక్కడికి వెళ్లవచ్చు.

తాగుడు సమస్య ఉన్న స్త్రీల పరిస్థితి మరింత కష్టం. మగవాళ్లే నిండిన గదిలోకి ఒంటరిగా వెళ్లడం చాలామందికి అసాధ్యం. 2020లో కోవిడ్ కాలంలో వీడియో ద్వారా విస్తరించిన సమావేశాలు వీరికి ఒక కిటికీ తెరిచాయి, కొన్ని స్త్రీలకే ప్రత్యేకం. గల్ఫ్ దేశాల్లో కూలికి వెళ్లినవారు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవారు మాతృభాషలో మాట్లాడుకోవాలంటే కూడా ఇదే దారి. కానీ తెర మీద మాట్లాడటానికీ, ఒకే గదిలో కూర్చుని టీ తాగడానికీ తేడా ఉంది. వీలున్నవారు తెరను మొదటి మెట్టుగా మాత్రమే వాడుకోవడం మంచిది.

మొదటి సమావేశం నచ్చలేదని వదిలేయడం తొందరపాటు. ప్రతి బృందానికీ ఒక స్వభావం ఉంటుంది. ఒకచోట పాతవాళ్లే మాట్లాడి విసిగిస్తే మరోచోట కొత్తవారికి ఎక్కువ సమయం ఇస్తారు, కాబట్టి వేర్వేరు బృందాలకు కొన్నిసార్లు వెళ్లి చూశాక నిర్ణయించుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. మానిన మనిషి మధ్యలో మళ్లీ తాగడాన్ని సభ్యులు స్లిప్ అంటారు. ఇంటివారికి అది నమ్మకద్రోహం, బృందానికి అది ఊహించదగిన సంఘటన. స్లిప్ అయినవాడు ముఖం చెల్లక రాకుండా ఉండిపోవడమే అసలు ప్రమాదం. మర్నాడే వచ్చి ఆ మాట చెప్పినవాడికి అక్కడ కుర్చీ ఎప్పటిలాగే ఉంటుంది, తాగకుండా గడిపిన రోజుల లెక్క మాత్రం మళ్లీ మొదటి రోజు నుంచి.

ఇక అసలు సమావేశమే లేని మండల కేంద్రాల, పల్లెల సంగతి. బృందం పెట్టడానికి అనుమతులు, పట్టాలు, అధికారులు అక్కరలేదు. మానాలనుకునే ఇద్దరో ముగ్గురో మనుషులు ఆ ఉద్దేశంతోనే కూడితే, దానికి వేరే పొత్తులు లేకపోతే, అది ఏఏ బృందమేనని సంప్రదాయాలు చెబుతాయి. దగ్గరి నగరంలోని బృందానికి కొన్ని వారాలు వెళ్లి పద్ధతి తెలుసుకున్న ఒకరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ద్వారా పరిచయమైన మరొకరు ఉంటే, సాయంత్రం బడి వదిలాక ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి తీసుకున్న తరగతి గది చాలు. వారంలో రోజు, సమయం మారకుండా పెట్టుకోవడం ముఖ్యం. ఆ సమయం కూడా ఊళ్లో దుకాణం రద్దీగా ఉండే వేళే కావాలి. మొదటి నెలల్లో ఇద్దరే కూర్చోవలసి రావచ్చు. వివరాలు ముంబై కార్యాలయానికి తెలిపి జాబితాలో చేర్పించి, ఆసుపత్రి గోడ మీద రోజు, సమయం, ఒక ఫోన్ నంబరు మాత్రమే రాసిన చిన్న కాగితం అంటిస్తే, మూడో మనిషికి ఆ గది దారి తెలుస్తుంది.